దిగుడులో రెండో గేరు

క్రేన్ వచ్చేలోగా కారును చూడాలి. డిటెక్టివ్ జమ్లికి ఆ ఉదయం ఉన్న ఆత్రమంతా అదే. కొత్తగూడెంలో బయల్దేరిన క్రేన్ ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు. వచ్చిందంటే మాత్రం బండికి గొలుసులు బిగించి లాగుతుంది, ఆ లాగడంలో సగం ఆనవాళ్లు చెరిగిపోతాయి. అందుకే ఖమ్మం నుంచి ఆమె ఎక్కడా ఆగలేదు. ఏన్కూరులో టీ కొట్టు ముందు నుంచి పోతూ కూడా తల తిప్పలేదు. టీ తాగని జమ్లికి ఎదురుపడకపోవడమే మేలని ఆమెతో పనిచేసిన పోలీసులందరికీ తెలుసు.

ఎర్రగుట్ట ఘాట్ దిగుతుంటే చిట్టచివరి మలుపు అది. అది దాటితే రోడ్డు చదునుగా భద్రాచలం వైపు సాగిపోతుంది. తెల్ల ఆటోమేటిక్ కారు ఆ చదును చేరలేదు. రోడ్డు దిగి బండరాయికి ముక్కు గుద్దుకుని ఆగిపోయింది. ముందు అద్దం లేదు. ముందున్న రెండు ఎయిర్‌బ్యాగులూ పేలి, గాలిపోయి వేలాడుతున్నాయి.

నిన్న పొద్దున ఈ కారులో సత్తుపల్లి పామాయిల్ నర్సరీ యజమాని వెంకటరామారావు చనిపోయాడు. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న పెద్దమనిషి, గుద్దుడికి ముందు సీట్ల మధ్యలోకి వచ్చి పడ్డాడు. డ్రైవర్ గణేష్ కుడిచేయి విరిగి, రోడ్డు పక్కన కూర్చుని కనిపించాడు. మొదట చూసింది అడవి బీటు కాసే సీతయ్య. గణేష్ సీతయ్యకు ఏం చెప్పాడో పోలీసులకూ అదే చెప్పాడు. నేనే నడిపిన, బ్రేకు తొక్కుకుంట దిగిన, బ్రేకు పడలే, దూకిన అన్నాడు.

అక్కడితో అయితే నిర్లక్ష్యం కేసుగా పోయేదే. కానీ సాయంత్రానికి సీఐ అనిల్‌కుమార్ చెవిన ఇంకో సంగతి పడింది. గణేష్ వాళ్ల నాన్న చేసుకునే పోడు భూమి విషయంలో వారం కిందటే నర్సరీ కూలీలందరి ముందూ యజమానికీ డ్రైవర్‌కూ మాటామాటా పెరిగింది. నీ సంగతి చూస్తానని గణేష్ అరిచాడు. అరిచినవాడే వారం తిరక్కుండా యజమానిని కారులో వదిలేసి దూకాడంటే ఏ పోలీసుకైనా నోరూరుతుంది. చీకటి పడేసరికి అది హత్య కేసైంది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి గణేష్‌ను మెజిస్ట్రేట్ ముందు పెడతారు. హత్య కింద రిమాండ్‌కు పంపితే మళ్లీ బయటికి ఎప్పుడొస్తాడో చెప్పలేం. ఇంట్లో రెండేళ్ల ఆడపిల్ల ఉంది.

గణేష్ భార్య శ్యామల నిన్న రాత్రి ఖమ్మం వచ్చి జమ్లిని పట్టుకుంది. అదే నర్సరీలో మొక్కల పని చేస్తుంది. "మా ఆయన చంపలే అక్కా" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం అడిగినా తల వంచుకుంది. శ్యామల ముఖం చూశాక జమ్లికి తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

జమ్లి ఆ తెల్ల కారు ముందుచక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఫోన్ లైటును చువ్వల సందులోంచి లోపలికి వేసింది. బ్రేకు డిస్కు ఇనుము రంగులో లేదు. పొయ్యి మీద వదిలేసి మర్చిపోయిన పెనంలా నీలంగా, ఊదాగా మాడి ఉంది. ప్యాడ్ల అంచులు నున్నగా, గాజులా మెరుస్తున్నాయి. అవతలి చక్రం దగ్గరికి వెళ్లి చూసింది. అక్కడా అంతే. ఘాట్ పైనుంచి ఈ మలుపు దాకా ఎవరో బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగారు.

ఫోటోలు తీస్తుంటే వెనక జీపు ఆగింది.

"ఏంటి జమ్లీ, డిపార్టుమెంటు వదిలేశావు గానీ డిపార్టుమెంటు పనులు మాత్రం వదల్లేకపోతున్నావు."

సీఐ అనిల్‌కుమార్ గొంతు అది. మధిర మనిషి. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలు. ఆమె ఉద్యోగం వదిలేసి ఖమ్మంలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది, అతను ఉద్యోగంలోనే ఉండి సీఐ అయ్యాడు. అడవి రోడ్డు మీద కూడా ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో తిరగడం అతనికొక్కడికే చేతనవుతుంది. వెనకాలే జీపు నడిపే కానిస్టేబుల్ పోతయ్య దిగి నిలబడ్డాడు.

"చూసుకుంటున్న. ముట్టుకుంటలే" అంది జమ్లి.

"చూసుకో. చూస్తే నీకే అర్థమవుతుంది. ఏం కనిపించింది?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ తనకు తెలిసింది అతనికి తెలియదన్న చిన్న గర్వం ఆమె నాలుకను ఆగనివ్వలేదు.

"ఈ కారు నడిపింది గణేష్ కాదు" అంది. "గణేష్ ఇక్కడికి రాకముందు ఏం పని చేసిండో కనుక్కున్నవా? సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు టిప్పర్ నడిపిండు. నాలుగేండ్లు. నిండు బండితోటి గుంతలకు దిగుడు, మళ్ల ఎక్కుడు. అక్కడ బ్రేకు నమ్ముకుని దిగినోడు బతకడు. గేరు తగ్గించుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతది, బ్రేకు చల్లగ ఉంటది. ఊకె బ్రేకు తొక్కుకుంట దిగితే డిస్కు కాలుతది, లోపల బ్రేకు ఆయిల్ మరుగుతది, ఆఖరికి పెడల్ మెత్తగై నేలకానుతది. ఈ డిస్కు రంగు చూడు. బొగ్గు టిప్పర్ నడిపినోడు చేసే పనేనా ఇది?"

"ఇది ఆటోమేటిక్ కారు కదా. గేర్లెక్కడివి?"

"అందరూ గట్లనే అనుకుంటరు. లివర్ డి అనే అక్షరం కాడ ఉంటే బండే గేర్లు మార్చుకుంటది. దిగుడుల వేగం పెరిగితే అదే పై గేరుకు పోయి ఇంకింత వదిలేస్తది. పక్కకు నెట్టి ఎం ల పెట్టుకుంటే మూడు, రెండు, మన చెయ్యితోటే తగ్గించుకోవచ్చు. గణేష్‌కు అది తెలుసు. మూడేండ్లు ఇదే కారు నడిపిండు."

అనిల్‌కుమార్ నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది. అతను కళ్లద్దాలు తీశాడంటే గెలిచానని అనుకున్నట్టు.

"పోతయ్యా, రాసుకో" అన్నాడు. "నిందితుడికి ఘాట్ ఎలా దిగాలో బాగా తెలుసు. బొగ్గు గనిలో నాలుగేళ్ల అనుభవం. కారులో గేరు తగ్గించుకునే వీలుందనీ తెలుసు. తెలిసి కూడా కావాలనే బ్రేకులు కాల్చేశాడు. చివరి మలుపులో తాను దూకేశాడు." జమ్లి వైపు తిరిగాడు. "నిన్నటిదాకా నాకు ఇదొక్కటే తక్కువైంది. తెలియనివాడైతే ప్రమాదం అంటారు. తెలిసినవాడు కాబట్టి హత్యే. థాంక్స్ జమ్లీ."

పోతయ్య రాస్తున్నాడు. జమ్లి ఆ పెన్ను కదలడమే చూసింది. శ్యామల ఒకే ఒక్క ఆశతో తన దగ్గరికి వచ్చింది. తాను పొద్దున్నే లేచి వచ్చి, ఆమె మొగుడి మెడకు బిగుస్తున్న ముడిని ఇంకొంచెం లాగి బిగించింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి లేదు. ముందుకే పోవాలి.

పగిలిన కిటికీలోంచి లోపలికి వంగి చూసింది. లివర్ డి దగ్గర లేదు. పక్కనున్న ఎం గాడిలో కూర్చుని ఉంది.

"మరి ఇదేంది?" అంది. "కావాలని బ్రేకులు కాల్చినోడు ఎం లకు ఎందుకు లాగిండు?"

"గుద్దుడికి కదిలుంటుంది."

"గుద్దుడికి కదిలితే ముందుకు పోతది. పక్కకు తిరిగి గాడిల కూసోదు. ఎవరో చెయ్యి పెట్టి నెట్టిన్రు."

"అయితే ఆఖర్లో ప్రాణభయం పట్టుకుని లాగాడు."

"దూకిండంటివి కద. డోర్ తీసి దూకేటోడు గేరు మార్చుకుంట కూసుంటడా? ఏదో ఒక్కటే చెప్పు అనిల్."

సీఐ ముఖంలో మొదటిసారి చిరాకు కనిపించింది. "అది వాణ్ణే అడుగు. నోరు తెరిస్తే నాకూ మంచిదే. పోతయ్యను పంపిస్తా, పక్కనే ఉంటాడు. వాడు అన్న ప్రతి మాటా, నువ్వడిగిన ప్రతి మాటా నాకు కావాలి."

అప్పుడే పైమలుపులో క్రేన్ హారన్ వినిపించింది.

భద్రాచలం దవాఖానాకు వెళ్లే దారిలో పోతయ్య జీపు వెనకాలే వస్తూ ఉంది. జమ్లి మాటిమాటికీ అద్దంలో దాన్ని చూసుకుంది. అనిల్‌కుమార్ చెడ్డవాడు కాదు. లంచం తీసుకోడు, అనవసరంగా చెయ్యెత్తడు. కాకపోతే ఒకసారి కథ అల్లుకున్నాడంటే ఏ దారం దొరికినా అందులోకే అల్లుతాడు. ఇప్పుడు తాను ఏది బయటపెట్టినా అది గణేష్ మీదికే తిరగొచ్చు. అడగకపోతే నాలుగింటికి రిమాండ్. అడిగితే ఇంకేం ఊడిపడుతుందో. దవాఖానా గేటు లోపల కారు ఆపింది.

వార్డులో చివరి మంచం మీద గణేష్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. ఎడమచేతికి చిన్న గీత కూడా లేదు. పోతయ్య స్టూలు లాక్కుని మంచం కాళ్ల వైపు కూర్చున్నాడు.

"గణేష్, నేను జమ్లిని. శ్యామల పంపింది."

భార్య పేరు వినగానే అతను చప్పున ఇటు తిరిగాడు. ఆ కళ్లలో ఆశ కనబడుతుందనుకుంది జమ్లి. కనిపించింది భయం.

"ఆమెను ఇందులోకి లాగకండ్రి మేడం. నేను చెప్పాల్సింది చెప్పిన."

"లాగను. నన్నొక్క సంగతి తెలుసుకోనీ. బొగ్గు గనిల నిండు టిప్పర్ తోటి ఎట్ల దిగేటోనివి?"

అతను ఇలాంటి ప్రశ్న ఊహించలేదు. కాసేపు అనుమానంగా చూశాడు. కానీ డ్రైవర్‌ను బండి గురించి అడిగితే నోరు దానంతటదే కదులుతుంది.

"దిగకముందే, పైననే గేరు తగ్గించుకోవాలె. దిగుడు మొదలైనంక తగ్గిద్దామంటే మాట వినదు. బ్రేకు ఊకె తొక్కొద్దు, మలుపు కాడ ఒక్కసారి తొక్కి వదలాలె. కింద సూపర్‌వైజర్ ముక్కుతోటే పట్టేటోడు. బ్రేకు వాసన వచ్చిందంటే ఆ పూట బండి దింపేసి ఇంటికి పంపేది."

"నిన్నెన్నిసార్లు పంపిన్రు?"

"ఒక్కసారి గూడ లేదు" అన్నాడు. ఆ మాటలో కాస్త గొప్ప వినిపించింది. అని, ఎక్కడికి వచ్చాడో అప్పుడు అర్థమై నోరు మూసుకున్నాడు.

"గనిల ఒక్కసారి గూడ బ్రేకు కాల్చనోనివి, ఎర్రగుట్ట కాడ రెండు డిస్కులు మాడ్చినవా?"

"ఆటోమేటిక్ కద మేడం. గేర్లుండయ్."

"ఎం ఏడుంటదో నీకు తెల్వదా?"

గణేష్ చూపు గోడవైపు తిప్పుకున్నాడు.

"తెలుసు. నువ్వే లాగినవ్ గూడ. లివర్ ఇంక గాడిలనే ఉంది, నేను చూసొచ్చిన. ఏ చెయ్యితోటి లాగినవ్?"

గణేష్ ఎడమచెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి గేరు ఎడమ పక్కన ఉంటుంది. మూడేళ్లుగా ఎడమచేత్తోనే లివర్ పట్టుకున్నాడు.

"ఆ చెయ్యికి దెబ్బే తగల్లే" అంది జమ్లి మెల్లగా. "ముందున్న డాష్‌బోర్డు లోపలికొచ్చి లివర్ మీద ఉన్న చెయ్యిని నలిపింది. నలిగింది నీ కుడిచెయ్యి."

పోతయ్య పెన్ను ఆగింది. జమ్లి లేచి, గణేష్ వేసుకున్న దవాఖానా చొక్కా మెడ దగ్గర కొంచెం పక్కకు జరిపింది. అతను వెనక్కి ఒరగబోయాడు గానీ చోటు లేదు. ఎడమ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా కుడి పక్కటెముకల దాకా వెడల్పాటి కమిలిన చార దిగింది.

"పోతయ్యా, జీపు నడిపేది నువ్వే కద. బెల్టు ఏ భుజం మీద నుంచి వస్తది?"

పోతయ్య ఆలోచించకుండానే చెయ్యి కుడి భుజం మీద వేసుకున్నాడు. డ్రైవర్ పక్క తలుపు అటే కదా. వేసుకున్నాక గణేష్ వైపు చూశాడు. మళ్లీ తన భుజం చూసుకున్నాడు.

"ఎడమ..." అన్నాడు. "ఇతనికి ఎడమ మీదికెల్లి ఉంది మేడం. పక్క సీట్ల కూసున్నోడికి గట్లుంటది."

"బెల్టు పెట్టుకున్నోడు దూకనూ లేదు. మీ సార్‌కు చెప్పు."

పోతయ్య పుస్తకం మూసి, ఫోన్ తీసుకుని వార్డు బయటికి గబగబా నడిచాడు. జమ్లికి ఒక్క క్షణం ఊపిరాడింది. హత్య కేసు కూలిపోయింది. నడపనివాడు బ్రేకులు కాల్చలేడు, దూకనివాడు వదిలేసి పోలేదు. పైగా పక్క సీట్లో ఉండి చేయి చాచి గేరు తగ్గించినవాడు కారును ఆపాలనే చూశాడు. ఆ మాట గణేష్‌కు చెప్పబోయింది.

గణేష్ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది.

"నేనే నడిపిన మేడం. గట్లనే రాపియ్యి. నీ కాళ్లు మొక్కుత. ఇంక తవ్వకు."

"పిచ్చోడా, నువ్వు బయటపడ్డవ్."

"వద్దు. నన్ను పోనీ. నేను పోత జైలుకు. ఇంక ఎవర్ని ఏమడగకు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో జమ్లి చూసిన నిందితులందరూ నేను కాదని ఏడ్చినవాళ్లే. నేనే అని బతిమాలుతున్నవాణ్ణి మొదటిసారి చూసింది. తాను వచ్చినందుకు ఇతను భయపడుతున్నాడు, సీఐకి కాదు. అతని చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని వరండాలోకి వచ్చింది.

పోతయ్య దూరంగా నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. "అవ్ సార్... కాదు సార్, నేనే చూసిన..." అంటున్నాడు. అనిల్‌కుమార్ ఇంకాసేపట్లో ఇక్కడుంటాడు. వచ్చీరాగానే అడిగేది ఒక్కటే, మరి నడిపింది ఎవరని.

జమ్లి గోడకు ఆనుకుని ఆలోచించింది. యజమానుల పిల్లలు బండి గుద్దితే డ్రైవర్లు నెత్తినేసుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కానీ వెంకటరామారావుకు ఉన్నది ఒక్కతే కూతురు లిఖిత. నిన్న పొద్దున ఆమె హైదరాబాదులో పరీక్ష రాస్తూ ఉంది, అది నిన్నే తేలింది. భార్య పద్మావతమ్మకు కారు నడపడమే రాదు. చనిపోయినాయన వెనక సీట్లో ఉన్నాడు. యజమాని కోసం అయితే గణేష్ నిర్లక్ష్యం కేసు దాకా మోస్తాడేమో. హత్య కేసని తెలిశాక కూడా ఎందుకు మోస్తాడు? యావజ్జీవం పడినా సరేనని ఒక మనిషి ఎవరిని దాస్తాడు?

జవాబు వరండా చివర బెంచీ మీద కూర్చుని ఉంది. జమ్లికి అటు చూడాలనిపించలేదు. చూసింది.

శ్యామల చున్నీని మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. జమ్లి వస్తుంటే లేవలేదు. ఎందుకొస్తుందో తెలిసినట్టే చూసింది.

"పిల్ల ఎవరి దగ్గరుంది?" అంది జమ్లి పక్కన కూర్చుంటూ. అడగాల్సింది అది కాదు.

"మా అత్త కొండమ్మ కాడ."

"చున్నీ తియ్యి శ్యామలా. కుడి భుజం చూడాలె."

శ్యామల అడ్డు చెప్పలేదు. చుట్లు విప్పి, కుర్తా మెడ కొంచెం పక్కకు లాగింది. కుడి భుజం మీద నుంచి ఎడమ వైపుకు, గణేష్ ఒంటి మీద ఉన్నటువంటి చారే, ఎదురు దిక్కున.

చున్నీ మళ్లీ చుట్టుకుంటూ శ్యామలే అంది, "అడుగు అక్కా. అవ్ కాదు అని తలూపుత. నోటితోటి మాత్రం చెప్ప."

"కారు నువ్వే నడుపుతున్నవా?"

తల ఊపింది.

జమ్లి ఒక్కొక్కటే అడిగింది. శ్యామల తలూపుతూ, అడ్డంగా ఆడిస్తూ, మధ్యలో ఏడుస్తూ జవాబిచ్చింది. పద్మావతమ్మను గుళ్లకు తిప్పడానికి ఆడ డ్రైవర్ ఉంటే బాగుంటుందని పెద్దాయనకు కోరిక. శ్యామలను నేర్చుకోమన్నాడు. నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, ఎల్లెల్లార్ తీయించాడు. పోడు భూమి గొడవ ఆ తర్వాతి రోజే చల్లారిపోయింది, ఇద్దరూ దాన్ని మర్చిపోయారు కూడా. నిన్న తెల్లవారుజామున భద్రాచలం బయల్దేరి, కల్లూరు దాటాక స్టీరింగ్ ఆమెకిచ్చారు. చదును రోడ్డు మీద బాగానే నడిపింది. ఘాట్ పైన గణేష్ తానే తీసుకుంటానన్నాడు. పెద్దాయన నవ్వి వద్దన్నాడు. ఆటోమేటిక్‌లో గేర్ల గోలే లేదు, బ్రేకు తొక్కుకుంటూ దిగితే సరిపోతుంది, నేర్చుకోనివ్వు అన్నాడు. వారం కిందట అరిచిన సిగ్గుతో గణేష్ మళ్లీ యజమాని మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. ఇంకో ఘాట్‌లో అయితే ఏమయ్యేదో, ఈ ఘాట్‌లో సగం దిగేసరికి మాడు వాసన వచ్చింది. గణేష్ ఎం లోకి నెట్టమని అరిచాడు. ఆమెకు ఆ అక్షరం ఏమిటో ఎవరూ చెప్పలేదు. చేతులు స్టీరింగ్‌ను వదలలేదు. పెడల్ మెత్తబడి కిందికి పోయింది. అప్పుడు గణేష్ చేయి చాచి తానే లాగాడు.

"ఆ వేగం మీద బండి రెండో గేరు తీసుకోలేదు కద? ముందు మూడు పడింది?"

తల ఊపింది.

"తర్వాత రెండు పడింది. బండి గుంజి పట్టినట్టైంది."

శ్యామల రెండు చేతుల్లో ముఖం దాచుకుని తల ఊపుతూనే ఉంది. ఆ రెండో గేరు పడకపోతే ముగ్గురూ పోయేవాళ్లు. ఇంకొంచెం ముందు పడి ఉంటే ముగ్గురూ బతికేవాళ్లు. ఇందులో హంతకులు ఎవరూ లేరు. ఒక మంచి మాట, ఒక తెలియనితనం, ఒక మొహమాటం, అంతే.

"గణేష్ నిన్ను అడవి దారిన గూడేనికి పంపేసిండు. పిల్ల కాడికి పొమ్మన్నడు."

తల ఊపింది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చిండు. పిల్ల మీద."

శ్యామల చేతులు తీసి ఆమెను చూసింది. ఈసారి తల ఊపలేదు. ఊపాల్సిన పని లేకపోయింది.

గేటు దగ్గర ఇంకో జీపు ఆగిన చప్పుడైంది. జమ్లి ఒక్కసారిగా లేచి నిలబడింది. అనిల్‌కుమార్ సంగతి ఆమెకు తెలుసు. నడిపింది గణేష్ కాదంటే కథ మార్చుకుంటాడు, మానుకోడు. మొగుడూ పెళ్లాం కలిసి చేశారంటాడు. మొగుడు నేర్పాడు, పెళ్లాం తొక్కింది, ఒకరు దాక్కున్నారు, ఒకరు నెత్తినేసుకున్నారు అంటాడు. అబద్ధం చెప్పిన సంగతి మాత్రం అబద్ధం కాదు కదా. బెల్టు చార, లివర్, విరిగిన చెయ్యి అన్నీ పెట్టి తాను కోర్టుల చుట్టూ తిరిగి అది ప్రమాదమేనని నిరూపించేసరికి ఎన్ని నెలలు పడుతుందో. అందాకా ఇద్దరూ లోపలే. రెండేళ్ల పిల్ల ముసలామె చేతిలో.

"శ్యామలా, విను" అంది గొంతు తగ్గించి. "నేనిప్పుడు ఏం చెప్పను. నడిపింది ఎవరో తెల్వదని చెప్త. నాలుగింటికి ముందు వకీలును పట్టుకుంట, అప్పుడు..."

"అప్పటిదాక మా ఆయన హంతకుడైతడు." శ్యామల గొంతు ఇప్పుడు వణకడం లేదు. "నా నోటితోటి చెప్పనని పిల్ల మీద ఒట్టేసిన అక్కా. ఒట్టు తప్పలేను. ఆయన లోపలికి పోతుంటే చూస్త ఊకోనూ లేను. నిన్నంత మొత్తుకున్న, దారి దొరకలే. మా గూడెంల ఎవరో నీ పేరు చెప్పిన్రు. దేన్నైనా తవ్వి తీస్తదట అన్నరు. నువ్వు కనిపెడితే నేను చెప్పినట్టు కాదు కద. అందుకే నిన్ను పెట్టుకున్న. ఆయన్ను విడిపిస్తవని కాదు, నన్ను పట్టుకుంటవని."

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. పోతయ్య పరుగున ఎదురెళ్లి ఏదో చెప్తున్నాడు. అనిల్‌కుమార్ అతన్ని పక్కకు జరిపి వరండాలోకి వచ్చాడు. కళ్లద్దాలు ఈసారి తియ్యలేదు. ముఖంలో వెటకారం కూడా లేదు.

"బెల్టు చార నేనూ చూస్తాను. నిజమే అయితే ఒప్పుకుంటాను, వాడు నడపలేదు" అన్నాడు. "మరి ఎవరు నడిపారు జమ్లీ? తెలియదని మాత్రం చెప్పకు. నీకు తెలియకపోతే నీ ముఖం ఇలా ఉండదు."

శ్యామల బెంచీ మీద నుంచి లేచింది. పెదవులు బిగించి, జమ్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, కానీ స్థిరంగా ఉంది. జమ్లి ఆ చెయ్యిని వదలకుండా అనిల్‌కుమార్ వైపు తిరిగింది.

"ఈమె" అంది.